మూడు మిషన్లు, మూడు రకాల పావు ఇంచు

క్విల్ట్ అంటే గుడ్డముక్కలతో కుట్టిన చదరాలను కలిపి చేసే బొంత, ఒక్కో చదరం ఒక బ్లాకు. పూర్తయ్యాక 12 ఇంచులు రావాల్సిన క్విల్ట్ బ్లాకు, పక్క బ్లాకుతో కలపకముందు 12½ ఉండాలి. చుట్టూ పావు ఇంచు కుట్టులోకి పోతుంది. ఇది చిన్నపిల్లలకు కూడా తెలిసే లెక్కే. నా టేబుల్ మీద పేర్చిన ఇరవై బ్లాకులకు మాత్రం తెలియదు. టేపు పెడితే ఒకటి 12 దగ్గరే ఆగింది, ఇంకొకటి 12¾ దాకా పోయింది, మిగతావి ఈ రెంటి మధ్య ఎక్కడ పడితే అక్కడ ఉన్నాయి.

ఇరవై బ్లాకులూ ఒక్క చేతి పని కాదు. నేను హనుమకొండలో ఇంట్లోనే జాకెట్లు కుడతాను, నాది తొక్కుడు మిషన్. మా వదిన కరీంనగర్‌లో ఉంటుంది, ఆమెది మోటారు పెట్టిన పాత నల్ల మిషన్. మూడో మనిషి మా పక్కింటి అమ్మాయి. ఈమధ్యే జిగ్‌జాగ్ మిషన్ కొనుక్కుని, ఫోన్‌లో వీడియోలు చూసి నేర్చుకుంది. ముగ్గురం కలిసి మా అత్తమ్మకు ఒక క్విల్ట్ కుడదామనుకున్నాం. డిజైన్ సాటూత్ స్టార్. నడుమ 6 ఇంచుల గడి, దాని నాలుగు పక్కలా కోడిపిల్ల ముక్కుల్లాంటి త్రికోణాలు, నాలుగు మూలలకు 3 ఇంచుల గడులు. కుట్టాక ఎనిమిది కొనల చుక్క అవుతుంది. చూడ్డానికి సులువే, కానీ చుక్క కొనలు ఎనిమిదీ బ్లాకు అంచుకు సరిగ్గా పావు ఇంచు లోపల నిలబడాలి. అంతకంటే లోపలికి పోతే చుక్క తేలిపోయినట్టు ఉంటుంది, బయటికి వస్తే బ్లాకులు కలిపినప్పుడు కొన కుట్టు కిందికి పోయి మొండి అవుతుంది.

కొలతలు ఎందుకు తేడా వచ్చాయో ముందు తేలాలి. లేకపోతే బ్లాకులు సరిచేశాక వాటిని కలిపే కుట్ల దగ్గర కూడా అదే గోల. దానికో పాత పరీక్ష ఉంది. ఒకటిన్నర ఇంచు వెడల్పు పట్టీలు మూడు కోసి పక్కపక్కన కుట్టి, ఇస్త్రీ చేసి కొలవాలి. కుట్టు నిజంగా పావు ఇంచే అయితే మొత్తం వెడల్పు 3½, నడుమ పట్టీ సరిగ్గా 1 ఇంచు. ముగ్గురం మా మా మిషన్ల మీద కుట్టాం. నాది సరిపోయింది. వదినది 3⅝ దాకా వచ్చింది, అంటే ఆమె కుట్టు సన్నం. పక్కింటి అమ్మాయిది 3¼ కూడా లేదు.

ఆ అమ్మాయి కుట్టు వంకరేం కాదు, తీగ లాగినట్టు తిన్నగా ఉంది. చిక్కంతా మిషన్ పాదం దగ్గరుంది. జిగ్‌జాగ్ మిషన్ల పాదం వెడల్పు, సూది నడుమ ఉంటుంది. పాదం అంచుకు బట్ట అంచు ఆనించి కుడితే పావు ఇంచు కాదు, దాదాపు మూడు ఎనిమిదో వంతులు పడుతుంది. మా పాత నల్ల మిషన్ల పాదం ఇరుకు. అందుకే జాకెట్లు కుట్టే మనకు ‘పాదం అంచు’ అంటే పావు అనే అలవాటు పడింది. ఒక కుట్టులో ఎక్కువ పట్టేది చిన్న తేడానే అయినా అది రెండు ముక్కల్లోంచీ పోతుంది. కుట్టుకు ఒక మిల్లీమీటరు ఎక్కువ పట్టినా రెండు మిల్లీమీటర్లు పోయినట్టు. ఈ చుక్కలో ఒక వరుసకు మూడు ముక్కలు, రెండు కుట్లు, కాబట్టి నాలుగు మిల్లీమీటర్లు. ఇంకా ఆ త్రికోణాల లోపలి కుట్లు లెక్కలోకి రాలేదు.

మందు చవకే. పావు ఇంచు గీతలున్న స్కేలును పాదం కింద పెట్టి, సూదిని చేత్తో తిప్పి కిందికి దించి సరిగ్గా ఆ గీత మీద ఆనించాలి. స్కేలు అంచు ఎక్కడ ఆగిందో అక్కడ మిషన్ మీద గాయాలకు వేసే గుడ్డ ప్లాస్టర్ నాలుగైదు పొరలు అంటించాలి. బట్ట అంచు ఆ ప్లాస్టర్ గోడకు ఆనుకుని పోతుంది. నిజానికి పావు ఇంచుకు ఒక దారం మందం తక్కువ పెట్టుకోవడమే మంచిది, కుట్టాక బట్ట మడతపడే చోట ఆ దారం మందం ఎటూ పోతుంది. ముగ్గురి మిషన్ల మీదా ఒకే స్కేలుతో గోడలు కట్టాం.

ఇది ముందుకు చేయబోయే కుట్ల సంగతి. టేబుల్ మీదున్న ఇరవై సంగతి వేరే.

చాలామంది ఇక్కడే స్కేలూ కట్టరూ తీసుకుని, అన్నిటికంటే చిన్న బ్లాకు ఎంతుందో అంతకు మిగతావన్నీ కోసేస్తారు. చదరం చేయడమంటే కోయడమే అనుకుంటారు. వదిన ముందే పసిగట్టింది, ఫోన్ చేసి, “నా చుక్కల ముక్కులు కోసినవంటే చూడు మరి!” అని బెదిరించింది. ఆమె మాటలో న్యాయం ఉంది. 12¾ బ్లాకును 12కు కోస్తే కొనలు ఎనిమిదీ పోతాయి. కోసిన బట్ట మళ్లీ రాదు కాబట్టి కత్తి చిట్టచివర. అంతకుముందు ఇస్త్రీ, ఆ తర్వాత గంజి, సూదులు.

ఇస్త్రీ దగ్గర మన అలవాటు ఒకటి మార్చుకోవాలి. చీరకు, చొక్కాకు ఇస్త్రీ పెట్టెను ముందుకూ వెనక్కూ తోస్తాం. ముక్కలు అతికిన బ్లాకును అలా తోస్తే వంకర్లు పోతుంది. పెట్టెను పైకెత్తి, ఆనించి, నొక్కి, మళ్లీ ఎత్తి పక్కన పెట్టాలి. కుట్టును ముందు ఎలా కుట్టామో అలాగే మూసి ఉంచి ఒకసారి నొక్కితే దారం బట్టలోకి కూర్చుంటుంది. ఆ తర్వాత విప్పి పైనుంచి నొక్కాలి. కింది నుంచి మాత్రమే చేస్తే కుట్టు పక్కన సన్నగా ఒక మడత నిలిచిపోతుంది. అది కంటికి కనపడదు, వేలి గోరుతో తడిమితే తెలుస్తుంది.

పొట్టిగా వచ్చిన బ్లాకులను తిరగేసి గోరుతో తడిమితే సగం జవాబు అక్కడే దొరికింది. ఒక్కో కుట్టు దగ్గర అలాంటి మడత దాక్కుని ఉంది. నీళ్లు చిలకరించి, కుట్టుకు అటొక చేయి ఇటొక చేయి పెట్టి లాగీ లాగనట్టు తెరిచి, పెట్టె ఆనిస్తే 12⅜ ఉన్న బ్లాకు 12½కు వచ్చేసింది. అలా కొన్ని అక్కడికక్కడే తేలిపోయాయి. ఈ పని కత్తితో మొదలుపెట్టి ఉంటే వాటికి అనవసరంగా పక్కన పట్టీలు వేసి అతుకుదుము.

మిగిలిన వాటి సంగతి అర్థం కావాలంటే బట్ట ఎటు సాగుతుందో తెలియాలి. దీనికి మా అత్తమ్మను మించిన పంతులు లేదు. ఆమె పుట్టిల్లు వరంగల్‌లోని కొత్తవాడ, నేతగాళ్ల ఇల్లు. వరంగల్ జంపఖానాలకు 2018లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది కదా, ఆ మగ్గాల మధ్య పెరిగిన మనిషి. నేను కొలతలతో కుస్తీ పడుతుంటే వచ్చి, ఒక మిగులు ముక్క తీసుకుని రెండు చేతులతో అంచు వెంట లాగింది. “ఇది పడుగు బిడ్డా, ఇటు గుంజితే సాగది.” అడ్డంగా తిప్పి లాగింది. “ఇది పేక, కొద్దిగ సాగుతది.” తర్వాత ఒక మూల నుంచి ఎదురు మూలకు పట్టుకుని లాగితే గుడ్డ రబ్బరు లాగా సాగి, వదిలేసినా వెనక్కి పూర్తిగా రాలేదు. “ఇటు దాని జోలికి పోవద్దు, ఊకనే అలుగుతది.”

మనం జాకెట్లకు క్రాస్ కట్ అనేది ఆ మూడోదే. ఒంటికి అతుక్కోవాలని జాకెట్‌లో దాన్ని కావాలని వాడతాం. క్విల్ట్‌లో అదే శత్రువు. సాటూత్ స్టార్‌లో త్రికోణాల ఏటవాలు అంచులన్నీ క్రాసే. 7¼ ఇంచుల పెద్ద గడి ఒకటి, 3⅞ గడులు నాలుగు పెట్టి కుడితే ఒకేసారి నాలుగు త్రికోణ ముక్కలు వస్తాయి, ముందు కుట్టి తర్వాత కోసే పద్ధతి కాబట్టి ఏటవాలు అంచు చేతిలో ఎక్కువసేపు ఆడదు. పక్కింటి అమ్మాయి అలాగే చేసింది. వదిన మాత్రం అన్ని త్రికోణాలూ ముందే కోసి డబ్బాలో వేసి పెట్టుకుంది. కరీంనగర్ నుంచి బస్సులో ఆ డబ్బాతోనే ఒకసారి వచ్చింది కూడా. డబ్బాలో ఊగి, చేతుల్లో నలిగి, ఆ అంచులు కుట్టకముందే సాగిపోయాయి.

అందుకే వదిన బ్లాకుల్లో ఒక వింత కనిపించింది. ఒక దానికి నాలుగు పక్కలా టేపు పెడితే నాలుగూ దాదాపు 12½. అందరం అది బాగుందనుకుని పక్కన పెట్టాం. దాని మీద ఇంకో బ్లాకు ఆనిస్తే మూలలు కలవలేదు. అప్పుడు మూల నుంచి మూలకు కొలిచాను. 12½ చదరానికి ఆ కొలత 17⅝ దాటి వెంట్రుకవాసి ఎక్కువ రావాలి, రెండు వైపులా ఒకే లెక్క రావాలి. దీనికి ఒక వైపు 18, ఇంకో వైపు 17⅜. పక్కలన్నీ సమానమే, కానీ అది చదరం కాదు, పక్కకు వాలిన గడి. పక్కల మీద మాత్రమే టేపు పెట్టేవాళ్లకు ఇది ఎప్పటికీ దొరకదు. స్కేలు పెట్టి కోస్తే రెండు మూలల్లో బట్ట చాలదు, ఇంకో రెండు మూలల్లో కొనలు తెగుతాయి. ఇలాంటి దానికి కోత మందు కాదు. వాలిన దాన్ని మళ్లీ నిలబెట్టాలి. తడిపి, సరైన ఆకారంలో సూదులతో బిగపట్టి ఆరబెట్టడాన్ని బ్లాకింగ్ అంటారు, దాని అవసరం నిజంగా ఇక్కడే.

దానికి ఒక పలక కావాలి. అమ్మకానికి దొరికే వాటి మీద నాకు మోజు లేదు. ఇంట్లో ఒక ప్లైవుడ్ ముక్క ఉంది, దాని మీద పాత జంపఖానా రెండు మడతలుగా బిగించాను. నూలు జంపఖానా దిట్టంగా ఉండి సూదులను గట్టిగా పట్టుకుంటుంది, ఆవిరికి చెడదు. థర్మాకోల్ వాడదామంటే వేడికి కరుగుతుంది. పైన ఉతికిన తెల్ల పంచె ముక్క బిగువుగా కట్టి, దాని మీద 12½ చదరం గీశాను. పక్క వీధి వడ్రంగి దగ్గర మూలమట్టం అడిగి తెచ్చుకుని మూలలు గీసి, రెండు కర్ణాలూ కొలిచాకే ఆ గీతలను నమ్మాను. గీతలు పెన్సిల్‌తోనే గీయాలి. బాల్‌పెన్ను సిరా ఆవిరికి కరిగి బ్లాకుకు అంటుకుంటుంది, తెల్ల బట్ట అయితే ఇక అంతే.

బట్ట తడిస్తే ఎందుకు మాట వింటుందంటే, నూలు పోగుల లోపలి పట్టు నీళ్లకు సడలి, ఆరేటప్పుడు మళ్లీ బిగుస్తుంది. ఆరే సమయంలో ఎలా ఉంచితే అలా నిలుస్తుంది. చొక్కా కాలర్ మడత ఇస్త్రీకి నిలబడేది కూడా దీనివల్లే. పాలిస్టర్ కలిసిన బట్ట నీళ్లు సరిగా తాగదు, దానికి ఈ పని చేసినా పొద్దున్నే మళ్లీ పాత దారికి వస్తుంది. వదిన తెచ్చిన వాటిలో ఒక రంగు బట్ట అలాంటి కలనేత అని ఇక్కడే బయటపడింది. ఒక పోగు లాగి అగ్గిపుల్లతో కాలిస్తే బూడిద కాకుండా గట్టి పూసలా ముద్దయింది. ఆ రంగు చుక్క ఉన్న బ్లాకును బ్లాకింగ్‌కు పెట్టలేదు, విప్పి ఆ ముక్కలు మార్చాం.

వాలిన బ్లాకును పలక మీద వేశాం. స్ప్రే సీసాతో మంచులాగా నీళ్లు కొట్టాలి, నానిపోకూడదు. కొంచెం గంజి నీళ్లు కలిపితే ఆరాక నిలబడుతుంది. అన్నం వార్చిన గంజి అయితే పలచన చేసి గుడ్డలో వడకట్టాలి, లేకపోతే తెల్ల మచ్చలు పడతాయి. సగ్గుబియ్యం గంజి ఇంకా శుభ్రంగా ఉంటుంది. నిజానికి గంజి పెట్టాల్సిన అసలు సమయం ముక్కలు కోయకముందు. ఉతికి ఆరేసిన బట్టకు గంజి పెట్టి ఇస్త్రీ చేసి కోస్తే క్రాస్ అంచు కూడా కాగితంలా నిలుస్తుంది. నాకు జాకెట్ లైనింగ్ అలవాటు ఉంది కాబట్టి అలాగే చేశాను. పని అయ్యాక గంజిని ఉతికి పోగొట్టాలి, దాచిన బట్టలో గంజి ఉంటే పురుగులు వాలతాయి.

సూదుల వరుస ముఖ్యం. నాలుగు మూలలు ముందు. పొట్టిగా ఉన్న కర్ణం రెండు కొనలను వేళ్లతో పట్టి మెల్లగా బయటికి జరిపి, గీత మూలలో గుచ్చాలి. పొడుగు కర్ణం దానంతట అదే లోపలికి వస్తుంది. తర్వాత పక్కల నడుమ ఒక్కొక్కటి, ఆ తర్వాత మిగిలిన సందుల్లో ఇంచుకొకటి. ఒక పక్క మొత్తం గుచ్చేసి రెండో పక్కకు పోతే బ్లాకు మళ్లీ వంకర అవుతుంది, ఎదురెదురుగా గుచ్చుకుంటూ పోవాలి. సూదిని కుట్టులోకి పోయే ఆ పావు ఇంచులోనే గుచ్చితే బెజ్జాలు తర్వాత కనపడవు. తల బయటి వైపుకు వాల్చి గుచ్చాలి, అప్పుడు బట్ట లాగినా సూది లేవదు. ప్లాస్టిక్ తల సూదులు వద్దు, ఇస్త్రీ వేడికి అంటుకుపోతాయి. తుప్పు పట్టే గుండుసూదులు అసలే వద్దు, తడి నూలు మీద తుప్పు మరక పడితే నిమ్మకాయ రుద్దుకుంటూ కూర్చోవాలి.

అత్తమ్మ పక్కనే నిలబడి చూస్తూ, “మగ్గం మీద అడ్డంగా పెట్టే సూదుల కర్ర లెక్కనే ఉన్నది గదా” అంది. నేసేటప్పుడు బట్ట వెడల్పు లోపలికి గుంజుకుపోకుండా రెండు చివర్లా సూదులున్న కర్రతో బిగపట్టి ఉంచుతారు. పని ఒకటే. ఆమె నా చేతిలోంచి ఒక సూది తీసుకుని, నేను ఎక్కువ లాగిన చోట అది పీకి, “గింత గుంజకు. అది వచ్చినంతనే రానియ్యి” అని కొంచెం లోపల గుచ్చింది.

ఆ మాట కొలతల్లో చెప్పాలంటే, బ్లాకింగ్‌తో టేపు మీద ఒక గీత, మహా అయితే రెండు గీతలు సరిచేయొచ్చు. అంటే ఎనిమిదో వంతు నుంచి పావు ఇంచు లోపు. అంతకంటే లాగితే పలక మీద బాగానే ఉంటుంది, సూదులు తీయగానే నడుమ గిన్నెలా లేస్తుంది. మరి ఉతికితే పాత ఆకారానికి పోదా అని పక్కింటి అమ్మాయి అడిగింది. పోతుంది. కానీ బ్లాకు ఒంటరిగా ఉన్నంతవరకే ఆ భయం. పక్కవాటితో కలిపి, కింద దూది పొర, అస్తరు వేసి, మొత్తం బొంత కుట్టు వేశాక అది ఎటూ పోలేదు. బ్లాకింగ్ చేయాల్సిన కాపలా ఆ కుట్టు పడేవరకే. అందుకే సూదులు తీసిన బ్లాకులను తీగ మీద ఆరవేయకుండా, మడవకుండా, బల్లపరుపుగా ఒకదాని మీద ఒకటి పేర్చి పెట్టాను.

సూదులన్నీ గుచ్చాక ఆవిరి ఇస్త్రీని తాకీ తాకనట్టు పైన పట్టాలి. ఆవిరి పెట్టె లేకపోతే తడిగుడ్డ పరిచి మామూలు పెట్టెతో నొక్కొచ్చు. ఆ తర్వాత ముట్టుకోకూడదు. వేడి మీద, తడి మీద తీస్తే చేసిందంతా వృథా. మా ఎండలకు ఫ్యాను కింద పెడితే త్వరగా ఆరిపోతుంది, వానాకాలంలో మాత్రం ఓపిక పట్టాలి. ఆరాక వదిన బ్లాకు కర్ణాలు కొలిస్తే రెండూ 17⅝, 17¾ మధ్య పడ్డాయి. మిగిలిన ఆ వెంట్రుకవాసి తేడాకే కత్తి.

కోతకు ఇంట్లో కత్తెర పనికిరాదు. కత్తెర కింది రెక్క బట్టను పైకి లేపుతుంది, గీత తిన్నగా ఉన్నా కోత ఊగుతుంది. గుండ్రంగా తిరిగే బ్లేడున్న రోటరీ కట్టర్ కావాలి. జపాన్‌కు చెందిన ఓల్ఫా 1979లో దాన్ని తీసుకొచ్చాకే ఈ పనిలో ఇంత కచ్చితత్వం మామూలు మనుషుల చేతికి వచ్చింది. 45 మిల్లీమీటర్ల బ్లేడు చాలు. కింద వేసే మ్యాట్‌ను ఎండలో గానీ వేడి ఇస్త్రీ కింద గానీ పెడితే వంగిపోతుంది, మే నెలలో మేడ మీద గదిలో మ్యాట్ వదిలేయకండి. చదరపు స్కేలు బయట కొంటే ఖరీదు ఎక్కువ. హనుమకొండ చౌరస్తా వైపు నేమ్‌ప్లేట్లు చేసే ఒక దుకాణంలో పారదర్శక ఆక్రిలిక్‌ను 12½ చదరంగా కోయించుకున్నాను. కోసిన దాన్ని కాగితం మీద పెట్టి చుట్టూ గీసి, పావు తిప్పు తిప్పి, తర్వాత తిరగేసి, మళ్లీ గీతల మీద పెట్టి చూడాలి. ఏ వైపు పెట్టినా గీతలు కలిస్తేనే అది చదరం. దాని మీద సన్నటి మార్కరుతో నడుమ గీతలు రెండు, కర్ణాలు రెండు, చుట్టూ పావు ఇంచు లోపల ఒక గడి గీసుకున్నాను.

కోసే ముందు ఆ ఆక్రిలిక్‌ను బ్లాకు మీద పెట్టి, బ్లాకు అంచులను పట్టించుకోకుండా ముందు చుక్కను చూడాలి. నడుమ గీతలు 6¼ దగ్గర కలిసే చోటు నడుమ గడి మధ్యలో ఉందా, కర్ణాలు మూల గడుల గుండా పోతున్నాయా, ఎనిమిది కొనలూ లోపలి గడి గీతను తాకుతున్నాయా. అన్నీ ఒకేసారి కుదిరే బ్లాకు అరుదు. అప్పుడు తగువు తీర్చాలి. నా పద్ధతి ఏమిటంటే కొనలకే మొదటి ఓటు. నడుమ గడి ఒక పోగు అటు జరిగితే ఎవరికీ తెలియదు, కొన తెగితే గుమ్మం దగ్గరే కనపడుతుంది. కుదిరాక కుడి పక్క, పై పక్క కోసి, బ్లాకును సగం తిప్పి, కోసిన అంచులను ఆక్రిలిక్ అంచులకు సరిగ్గా ఆనించి మిగతా రెండు పక్కలు కోయాలి. స్కేలు మీద పెట్టిన చేతి వేళ్లు అంచు దాటి బయటికి రాకూడదు. బ్లేడు ఒంటికి దూరంగా తోయాలి, ఎప్పుడూ తన వైపు లాక్కోకూడదు.

12¾ బ్లాకులకు నాలుగు పక్కలా సమానంగా ఎనిమిదో వంతు పోయింది. వదిన చుక్కల కొనలు అంచుకు కొంచెం లోపలే ఉండడంతో ఒక్కటీ తెగలేదు. వాట్సాప్‌లో ఫోటో పంపితే వేళ్లతో పెద్దది చేసి చూసి, “సరే” అని మాత్రం పెట్టింది. ఆమె దగ్గర నుంచి అది పెద్ద మెప్పే.

పక్కింటి అమ్మాయి మొదట కుట్టిన రెండు బ్లాకులు మాత్రం 12 దగ్గరే ఉండిపోయాయి. మడతలు తెరిచినా, పలక మీద పెట్టినా అర ఇంచు ఎక్కడి నుంచి తెస్తాం? “అక్కా, మొత్తం విప్పి మళ్లీ కుడతా” అంది. క్రాస్ అంచులు విప్పితే ఇంకా సాగుతాయి, వద్దన్నాను. చుక్క వెనక వాడిన హాఫ్‌వైట్ బట్టనే 1¼ ఇంచుల పట్టీలుగా పడుగు వెంట కోసి, ఆ రెండు బ్లాకుల చుట్టూ కుట్టి, 13½ అయ్యాక 12½కు కోశాం. పూర్తయ్యాక చుక్క చుట్టూ పావు ఇంచు మాత్రమే అదనంగా కనిపిస్తుంది, అదీ వెనక రంగులో కలిసిపోతుంది. కొందరు దీన్ని అతుకు అని చిన్నచూపు చూస్తారు. నాకైతే ఇది కొనలు తెగిన పదింటికంటే మేలు.

ఇప్పుడు కలపడం. బ్లాకుల మధ్య రెండు ఇంచుల పట్టీలు పెట్టాలని ముందే అనుకున్నాం. అడ్డానికి నాలుగు, నిలువుకు ఐదు బ్లాకులు, చుట్టూ కూడా పట్టీలు, పూర్తయ్యాక మొత్తం 58 ఇంచులకు 72. ఆ పట్టీలను కచ్చితంగా పడుగు వెంటే కోశాను. సాగని పట్టీ పక్కన బ్లాకు కూడా క్రమశిక్షణలో ఉంటుంది. పట్టీ పొడవు 12½కే కోయాలి, బ్లాకు ఎంతుంటే అంత కాదు. బ్లాకుకు తగ్గట్టు పట్టీ కోసుకుంటూ పోతే ఐదో వరుసకు క్విల్ట్ వంకర తిరుగుతుంది. రెండు చివర్లు, నడుమ సూదులు గుచ్చి, ఒక పోగు ఎక్కువ ఉన్నది ఏదో దాన్ని కింద ఉంచి కుట్టాలి. మిషన్ కింది పళ్లు కింది బట్టను కొంచెం వేగంగా లాక్కుపోతాయి, ఆ పోగు అక్కడే సర్దుకుంటుంది. ఎక్కువున్నది పైన పెడితే చివర్లో మడత మిగులుతుంది.

కుట్లను పట్టీల వైపే మడిచి నొక్కాం. పట్టీలు సాఫీగా ఉంటాయి, చుక్క కొనల దగ్గర కుట్లు గుట్టపడవు. వరుసలు కలిపేటప్పుడు కూడళ్ల దగ్గర ఒక వరుస మడత కుడికి, ఇంకోది ఎడమకు ఉంటే రెండూ ఒకదానికొకటి తాళం పడతాయి, వేలితో తడిమితే జారకుండా ఆగిన చోటు తెలుస్తుంది. సూది అక్కడే గుచ్చాలి.

వరుసలన్నీ కలిశాక, చుట్టూ కుట్టులోకి పోయే పావు ఇంచుతో కలిపి నిలువు 72½, అడ్డం 58½ వచ్చింది, ఒక పక్క మాత్రం ఒక గీత తక్కువ. దాన్ని అలాగే వదిలేశాను, చివర్లో అంచు చుట్టూ వేసే బైండింగ్ పట్టీలో సర్దుకుంటుంది. ఇప్పుడు పై పొర అత్తమ్మ మంచం మీద ఉంది. దూది పొర వేసి తాను చేతికుట్టు వేస్తానంటోంది, మిషన్ కుట్టు ముట్టనివ్వడం లేదు. వదిన రెండో క్విల్ట్‌కు బట్టలు కొనడానికి వచ్చే ఆదివారం వరంగల్ జేపీఎన్ రోడ్డుకు వస్తానంది. ఈసారి పాలిస్టర్ కలిసిందో లేదో దుకాణంలోనే పోగు కాల్చి చూస్తుందట. దుకాణాదారు ఊరుకుంటాడో లేదో చూడాలి.